స్టోరు రూములో దొరసాని

నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో వెన్ను జలదరించే చోటొకటి ఉంది, అక్కడ నవ్వు రాదు. చెవిటి పిల్లలకు మాటలు నేర్పే టీచరునై ఉండి, నా విద్య నాకే ఒంటబట్టలేదని హనుమకొండలో ఒక ఆదివారం నిరూపించుకున్నాను.

ఎనభైల మొదటి రోజులవి. ట్రైనింగు ముగించి కొత్తగా చేరాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని లోకం ఎగతాళి చేస్తుంది కానీ, నాకు జీతమిచ్చేదే ఆ శంఖం ఊదడానికి. మా బడీ హాస్టలూ ఒకే పాత బంగళాలో ఉండేవి. చివరి గది స్టోరు రూము. ఎప్పుడో జ్వరంతో పోయిన దొరసాని అందులో తిరుగుతుందని ఆయా శాంతమ్మ నమ్మకం.

"పగటిపూట గూడ ఉంటదా?" అని వెక్కిరించాను.

"సచ్చినోల్లకు టైంటేబుల్ ఉంటదా టీచరమ్మా?"

నా తరగతిలో సరోజ అని ఏడేళ్ళ పిల్ల. తండ్రి కేసముద్రం మార్కెట్లో హమాలీ. తల్లి ఎల్లమ్మ వచ్చినప్పుడల్లా ఒకటే మొర. "దసరా సెలవులదాక ఒక్క మాటన్న రాకుంటే బడి మాన్పిచ్చి పత్తి ఏర పంపుతాడట వాళ్ళ నాయిన. జర ఎట్లన్న జెయ్యి టీచరమ్మా."

సరోజ చేతిని నా గొంతు మీద పెట్టుకుని "మ్" అనేదాన్ని, లోపలి అదురు తెలియాలని. తర్వాత ఆ చేతిని తన గొంతు మీదే పెట్టేదాన్ని. పెదవులు చక్కగా కలిసేవి, గాలి వచ్చేది, గొంతు మాత్రం పెగిలేది కాదు. ఆరు నెలలు ఇదే పని. నేను నిద్రలో కూడా "మ్" అంటున్నానని పక్క మంచం వాళ్ళు ఫిర్యాదు చేశారు.

దసరా సెలవులకు వారం ముందు ఆదివారం. వార్డెనమ్మ పిల్లలందర్నీ చర్చికి తీసుకెళ్ళింది. మబ్బు కమ్మి పట్టపగలే చీకటి పడింది, కరెంటు పోయింది. వరండాలో టీ తాగుతున్నాను. స్టోరు రూము వైపు నుంచి ఒక మూలుగు వచ్చింది.

"మ్మ్మ్మ్..."

మనిషి గొంతుకు ఎత్తుపల్లాలుంటాయి. దీనికి లేవు. బావి అడుగు నుంచి వచ్చినట్టు బోలుగా, ఒకే తీరున సాగి, టక్కున తెగింది. మళ్ళీ మొదలైంది. ఈసారి చివర నోరు తెరుచుకున్నట్టు "ఆ..." అని వినిపించింది. దయ్యాలు వేదాలు వల్లిస్తాయని విన్నాను గానీ, ఓనమాలు నేర్చుకుంటాయని ఎవరూ చెప్పలేదు.

శాంతమ్మ చీపురు వదిలేసి నా కొంగు పట్టుకుంది. "విన్నవా?"

"గాలై ఉంటది."

"గాలికి నోరుంటదా?"

చదువుకున్న పరువు నన్ను ముందుకు నెట్టింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తట్టాను. "ఎవరు లోపల?"

గొంతు పెంచాను.

"ఎవరే? పలుకకుంటే వార్డెనమ్మకు చెప్త!"

నా మాటతో తనకేం పని లేనట్టు ఆ మూలుగు సాగిపోయింది.

"మనిషైతే పలుకకపోవునా?" అని తేల్చేసింది శాంతమ్మ.

"అవును, పలుకకపోవునా!" అన్నాను నేను.

పాఠకులారా, ఆ ముక్క ఇంకోసారి చదవండి. ఒక్క పిల్లకూ చెవులు వినపడని ఇంట్లో, వాళ్ళ టీచరే తలుపు బయట నిలబడి, పిలిస్తే పలకలేదు కాబట్టి లోపలున్నది దయ్యమేనని తీర్పు చెప్పింది. సెలవు రోజు బ్యాటరీ సెల్లులు ఆదా చేద్దామని పిల్లల ఛాతీ మీది వినికిడి మిషన్లు తీయించి బీరువాలో పెట్టిందీ నేనే.

బయట గొళ్ళెం పెట్టేశాను. శాంతమ్మ ప్రార్థన అందుకుంది. నేను ఆమెన్, ఆమెన్ అంటూ తలుపును రెండు చేతులా అదిమి పట్టాను. లోపలి గొంతు సారిసారికీ బలపడుతోంది. దాని అదురు చెక్కలోంచి నా అరచేతుల్లోకి పాకింది.

అప్పుడే ఎల్లమ్మ వచ్చింది, బిడ్డను చూసిపోదామని.

"దగ్గరికి రాకు! లోపల దయ్యముంది!" అని అరిచాను.

ఆమె ఒక్క క్షణం చెవి ఒగ్గింది. ముఖం మారిపోయింది. "జరుగు టీచరమ్మా. అది నా బిడ్డ గొంతు. ఏడిస్తే గిట్లనే ఉంటది." నన్ను భుజంతో నెట్టి గొళ్ళెం తీసింది.

చర్చికి వెళ్ళే వరుసలోంచి ఎప్పుడు జారుకుందో సరోజ, ఖాళీ బియ్యం డ్రమ్ములో తల దూర్చి, రెండు అరచేతులూ రేకుకు ఆనించి కూర్చుంది. తన గొంతులో దొరకని అదురు ఆ రేకులో దొరికింది. మేం గొళ్ళెం పెట్టిందీ, ప్రార్థించిందీ తనకు తెలియనే తెలియదు. వెలుతురు పడగానే తల బయటికి తీసింది. ముఖమంతా బియ్యం దుమ్ము. తల్లిని చూసి, ఒక చెయ్యి తన గొంతు మీద పెట్టుకుంది.

"మ్మ్మా."

ఎల్లమ్మ నేల మీద కూలబడి బిడ్డను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గుతో సగం, సంతోషంతో సగం. కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని నా వైపు చూసింది.

"ఆర్నెల్లు దాని నోట్లెకెల్లి ఈ మాట రావాల్నని తిప్పలవడ్డవు. వచ్చినంక గొళ్ళెం వెడ్తివా టీచరమ్మా?"

జవాబు చెప్పడానికి నాకు "మ్" కూడా పెగల్లేదు.

సరోజ దసరాకు ఊరెళ్ళి, సెలవులు కాగానే బడికి తిరిగొచ్చింది. నేను మాత్రం గుండె మీద చెయ్యి వేసుకుని ఒట్టు పెట్టుకున్నాను. ఇకపై ఎక్కడ ఏ దయ్యం గొంతు విన్నా, ముందు హాజరు పట్టీ తీసి పిల్లల్ని లెక్కపెడతాను. అందరూ ఉన్నారని తేలాకే జడుసుకుంటాను.