పందికి తగిన తూటా

ఐటీ ఉద్యోగాల జోరులో నేను సింగపూర్ వచ్చిన కొత్తలో, చోవా చూ కాంగ్ బస్టాపులో ఓ అడవిపంది నా సంచి మీద పడింది. అమ్మ పంపిన ఆవకాయ డబ్బా పగలగొట్టి ముప్పాతిక నాకేసింది.

బెంచీ ఎక్కి నిలబడ్డ నాకు కడుపు మండిపోయింది. పిస్తోలుతో పందివేట గురించి నెట్‌లో చదివాను. మెత్తని తూటా దాని మందపాటి భుజం చర్మంలోనే చితికిపోతుందట, లోతుగా దిగే గట్టి తూటా కావాలట.

పక్క ఫ్లాట్ చైనీస్ అంకుల్‌ని పిస్తోలు ఎక్కడ దొరుకుతుందని అడిగాను. ఆయన ముఖం పాలిపోయింది.

"యూ షూట్, యూ హ్యాంగ్ లా! పిగ్ స్టిల్ అలైవ్!" ఈ దేశంలో తుపాకీ పేలిస్తే ఉరిశిక్షేనట.

ఆ సాయంత్రమే, ఎన్నడూ పందిమాంసం ముట్టని నేను తిండి దుకాణాల హాకర్ సెంటర్లో ఓ ప్లేటు తెప్పించుకుని, మిగిలిన ఆవకాయతో కసితీరా నమిలాను.

అది ఆ పంది కాదని తెలుసు. అయినా అంత రుచైన ఆవకాయ మళ్లీ తినలేదు.