నేను కనిపెట్టిన అగ్నిపర్వతం

నేను ఆఫ్రికా నుంచి బంగారమనుకుని ఉత్త రాయి మోసుకొచ్చానని టాటానగర్‌లో మా సిద్ధగోరా పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. బంగారమని నేను ఒక్కనాడూ అనలేదు. అంతకంటే ఘోరమైన మాట అన్నాను. నా పరువు పట్టపగలు, మా వాకిట్లోనే, మా నాన్న సుత్తి కింద పడి నుజ్జయింది. నవ్వేవాళ్ళు కనీసం సరైన కథ విని నవ్వండి.

ఎనభైల మొదట్లో నేను జాంబియా రాగి గనుల్లో జియాలజిస్టుని. పాతికేళ్ళ వయసు, మెడలో భూతద్దం, ఎవరి మాటా వినని చెవులు. గని ఊరి వెనక ఒక నల్లగుట్ట నా కంటబడింది. రాళ్ళ నిండా బుడగలు, కారి గడ్డకట్టిన మడతలు. ఇంకేముంది, పురాతన లావా! వారం రోజులు కొలిచి, మ్యాపులో ఎర్రరంగు పూసి, ఇరవై పేజీల రిపోర్టు రాశాను. సెలవుకి ఇంటికెళ్ళి తిరిగి రాగానే దాన్ని చీఫ్ జియాలజిస్టుకి ఇవ్వాలి. ఆయన మెచ్చితే మరో రెండేళ్ళు ఉద్యోగం. లేదంటే మూటాముల్లెతో టాటానగర్ స్టేషన్లో దిగడమే.

సెలవుకి వస్తూ ఒక ముక్క తెచ్చి గర్వంగా మా నాన్న చేతిలో పెట్టాను. ఆయన ఉక్కు కర్మాగారంలో స్లాగ్ యార్డు మనిషి. కొలిమిలో ఇనుము కరిగాక పైన తేలే మడ్డి ఉంటుందే, దాన్ని పారబోయించడం ఆయన పని.

"ఏటమ్మా, స్లాగ్ ముక్కని ఇమానం ఎక్కించి తెచ్చినావా? మన కాడ నేదేటి?"

"స్లాగ్ కాదు నాన్నా, లావా! అగ్నిపర్వతం కక్కింది."

"కక్కిన మాట నిజమే. కక్కింది కొలిమి."

పక్కింటి పైడితల్లి పిన్ని నా తరఫున దూకింది. "అంత సదువు సదివిన పిల్ల తప్పు సెప్తాదేటి, బావా?"

"అసలు నువ్వెప్పుడైనా లావా చూశావా నాన్నా?" అన్నాను నడుం మీద చెయ్యేసుకుని.

"నేదు. నువ్వు సూసినావేటి?"

చూడలేదు. ఒప్పుకుంటానా? మా ఊళ్ళో సాయంత్రం ఆకాశం ఎర్రబడితే స్లాగ్ పోస్తున్నారని పసిపిల్లలకీ తెలుసు. నేనూ ఎర్రగా ఉన్నప్పుడు చూసినదాన్నే. చల్లారాక దాని మొహం ఎవరు చూశారండీ?

"అయితే పగలగొట్టు! లోపల స్ఫటికాలు కనిపిస్తాయి!" అని సుత్తి నేనే అందించాను.

ఒక్క దెబ్బ. రాయి రెండయింది. మధ్యలో, తుప్పు పట్టి, నిక్షేపంలా ఒక బోల్టు.

నాన్న దాన్ని రెండు వేళ్ళతో లాగి ఎండకి పట్టాడు. "ఆ కొండకి బోల్టులు ఎవలు బిగించినారమ్మా?"

పైడితల్లి పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న మాత్రం నవ్వలేదు. "పాతకాలం కొలిములు మడ్డిలోనే బోలెడు లోహం వొదిలేసేవి. ఎల్లి పరీచ్చ సేయించు" అన్నాడు.

చేయించాను. ఆ గుట్ట నిజంగానే పాత కొలిమి మడ్డి, అందులో రాగి దొరికింది. రెండేళ్ళ ఉద్యోగమూ దక్కింది. కొత్త రిపోర్టులో, "ఈ సలహా మా నాన్నగారిది" అని పెద్దక్షరాలతో టైపు చేయించాను. ఎవరూ కొట్టెయ్యలేదు, కొట్టెయ్యనివ్వలేదు.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను: స్లాగ్ యార్డులో ముప్పై ఏళ్ళు కాగిన మనిషి అనుమతి లేకుండా ఈ జన్మలో ఏ నల్లరాయికీ నామకరణం చెయ్యనని.

ఒక్కటే మిగిలింది. సిగ్గు చంపుకుని నా లావా సంగతి చెబితే, చీఫ్ బీరువా తీసి పాత మ్యాపు ఒకటి పరిచాడు. అదే గుట్ట. అదే ఎర్రరంగు. కింద ఆయన సంతకం, మీద అడ్డంగా కొట్టివేత. ఆయన తండ్రి చర్చిలో పియానో వాయించేవాడట.

నాకైతే స్లాగ్ ఎరిగిన మా నాన్న ఉన్నాడు. మరి అది లావా కాదని ఆయనకి ఎవరు చెప్పారు?