ప్రశ్నల సొలొమోను సారు

“‘మంచిగున్నది సార్’ అనకు నర్సింగం! గది జవాబు కాదు, దండం పెట్టుడు. కుర్చీ ఎట్లున్నదో చెప్పు.”

“జర కిర్రుమంటది సార్.”

“ఆఁ! ఇప్పుడు నువ్వు నౌకరిల చేరినవ్.”

మెదక్‌లోని బట్టలు కుట్టే కార్ఖానాలో నర్సింగం గుమాస్తాగిరీ అలా మొదలైంది. మేనేజరు సొలొమోను సారుకు ఉన్నది ఒకటే జబ్బు: అడగడం. ఎదుటివాళ్ల మనసులో ఏముందో తెలియందే ఆయనకు ముద్ద దిగదు. ఆదివారం గుడి మెట్ల మీద నిలబడి, పాస్టరుగారు పక్కనుండగానే, “ఇయ్యాల ప్రసంగంల మీకు ఏ కాడ కునుకొచ్చింది?” అని వచ్చేపోయేవాళ్లందరినీ అడిగిన ఘనుడు. ఇంట్లోనూ అంతే.

“చారు మొన్నటికంటే మెరుగంటవా, గంతేనంటవా?”

“మీకు ప్రశ్న వడ్డిస్తే చాలు, అన్నమెందుకు!” అనేది భార్య జ్ఞానమ్మ.

కార్ఖానా షెడ్డులో ఆడవాళ్లు బడిపిల్లల చొక్కాలకు గుండీలు కుట్టేవారు. పని ఎలా ఉందని అడిగితే అందరిదీ ఒకటే మాట: “మస్తుగున్నది సారూ.” ఇలా కాదని సారు ఒక కుండ మూతికి చిల్లున్న గుడ్డ కట్టించి పెట్టి, అందరికీ రెండు రకాల గింజలు పంచాడు. పని బాగుంటే చింతగింజ వేయాలి, కష్టంగా ఉంటే సీతాఫలం గింజ. ఎవరు ఏది వేశారో దేవుడికి కూడా తెలియదు. సాయంత్రం తిరగేస్తే కుండ ఖాళీ.

“చింతగింజలేమైనయి?”

“వేంచుకొని తిన్నం సారూ.”

“మరి సీతాఫలం గింజలు?”

“గవ్వి తినరు గద సారూ. పారేసినం.”

నర్సింగం పొట్ట పట్టుకుని నవ్వాడు. సారు నవ్వలేదు. “వాండ్ల తప్పు కాదు, ప్రశ్నే కుదరలే” అన్నాడు.

ఆ మర్నాడే యజమాని వెంకట్రాములు సేటు వచ్చి, ముసలి యాదవ్వ కుట్టిన గుండీ పట్టుకుని లాగాడు. గుండీ చేతికొచ్చింది. “వారం అంగడి నాటికి మంచిగ కుట్టకుంటే ఈమెను ఇంటికి పంపుండ్రి.”

ఏం కష్టమని సారు అడిగితే, “నాకేం తక్లీఫ్ లేదు సారూ” అని యాదవ్వ తన చీకటి మూలలోకి జరిగి కూర్చుంది.

ఇక ఆ రోజంతా సారు ఎవరినీ ఏమీ అడగలేదు. జ్వరమేమోనని జ్ఞానమ్మ నుదురు తడిమి చూసింది. మర్నాడు పొద్దున్నే ఆయన షెడ్డు నడుమ నిలబడి అన్నాడు: “మీ కష్టం నాకు చెప్పకుండ్రి. పక్కామె కష్టం చెప్పుండ్రి.”

అంతే, షెడ్డు పెంకులు లేచిపోయాయి.

“ఆగమ్మకు నడుము లేస్తలేదు సారూ!”

“నాది సరే, దాని మోకాళ్ల సంగతి చూడుండ్రి!”

ఆ గోలలో వజ్రమ్మ గొంతు: “యాదవ్వ సూదిల దారం రోజూ నేనే ఎక్కిస్తున్న సారూ. గా మూలకు ఎలుతురే రాదు. చెప్తే తీసేస్తరని ముసల్దానికి భయం.”

“నీ నోరు పడిపోను, వజ్రీ!” అంటూ యాదవ్వ కొంగులో మొహం దాచుకుంది. “ఎలుతురు మాకూ కావాలె సారూ!” అని మిగతావాళ్లూ గొంతు కలిపారు.

సేటు దగ్గర సారు యాదవ్వ పేరెత్తనే లేదు. షెడ్డంతా వెలుతురు అడుగుతోందని చెప్పి కప్పుకు గాజు పెంకులు వేయించాడు. అవన్నీ ఆ మూలమీదికే వచ్చాయి. అంగడి రోజు సేటు మళ్లీ యాదవ్వ కుట్టిన గుండీ లాగాడు. చొక్కా లేచొచ్చింది గానీ గుండీ ఊడలేదు.

“యాదవ్వ సంగతి మీకు ముందే తెలుసు గద సార్?” అన్నాడు నర్సింగం.

“తెలుసు. నేను చెప్తే సిఫార్సంటడు సేటు. అందరు అడిగితే కాదంటడా?” సారు కిటికీలోంచి ఎండ వైపు చూశాడు. “జర షెడ్డుకు పొయ్యి రా బిడ్డా. గాజు పెంకులకెళ్లి ఎండ యాదవ్వ నెత్తిన కొడుతున్నదేమో అడుగు. యాదవ్వను కాదు, వజ్రమ్మను.”