యానాం గవ్వలు

ఆ రోజుల్లో అత్తవారింటికి వెళ్ళే పిల్ల పెట్టెలో ఏమేం ఉండాలో పెద్దవాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. చీరలు, ఇత్తడి సామాను, దిండు గలీబులు, మా కతోలిక ఇళ్ళల్లో అయితే ఒక జపమాల. నా పెట్టెలో వీటికి తోడు మరో రెండు వచ్చాయి. ఒకటి గవ్వల ఆకారంలో గుంటలు తీసిన తగరపు పళ్ళెం, రెండోది గర్వం. రెండింటిలోనూ గర్వమే బరువని ఇప్పుడు తెలుస్తోంది గాని, దాన్ని రైలు కూలీ మొయ్యలేదు కాబట్టి అప్పట్లో ఎవరి దృష్టికీ రాలేదు.

నేను పుట్టింది యానాంలో. చుట్టూ ఇంగ్లీషువాళ్ళ రాజ్యం, మధ్యలో మా ఊరొక్కటీ పరాసుల, అంటే ఫ్రెంచివాళ్ళ, జెండా కింద ఉండేది. మా నాన్నగారు అక్కడి కచేరీలో గుమాస్తా. మా పెరటి గోడ అవతల ఒక ఫ్రెంచి ఉద్యోగి కాపురం. ఆయన భార్యను మేమంతా మదాం అనేవాళ్ళం. పిల్లల్లేని మనిషి, పొద్దుపోక నన్ను చేరదీసింది. ఆవిడ దగ్గర నేను రెండు విద్యలు పట్టాను. వెన్న, గుడ్లు, మైదా, పంచదార గిలక్కొట్టి ఇటుకల పొయ్యిలో కాల్చే మిఠాయిలు ఒకటి, ఇల్లు అద్దంలా పెట్టుకోవడం ఒకటి. ఆవిడ వంటింట్లో గరిటెలు పొడుగు వరసన వేలాడేవి. ఒక్క చెంచా తన చోటు తప్పినా మదాంకు తలనొప్పి వచ్చేది. (నాకూ అలాంటి తలనొప్పి రావాలని చాలా ప్రయత్నించాను. రాలేదు. వచ్చినట్టు నుదురు పట్టుకోవడం మాత్రం నేర్చుకున్నాను.)

ఇంత నాజూకు మనిషిని తెచ్చి మా గుడి గురువులు రెంటచింతల సంబంధం కుదిర్చారు. ఎండలకు పేరుపడ్డ ఊరు. రైలు దిగి అడుగు పెట్టగానే నా చెప్పుల్లోంచి వేడి మోకాళ్ళ దాకా ఎక్కింది. మావారు అక్కడ బడిపంతులు. ఇంట్లో ఆయన, అత్తగారు, ఒక గేదె. మామగారు పోయి చాలాకాలమైంది. ఒక ఆడపడుచు ఉండేదనీ, చిట్టి అని పిలుచుకునేవారనీ, చిన్నతనంలోనే జ్వరమొచ్చి పోయిందనీ పెళ్ళి మాటల్లో చెప్పారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు, నేనూ అడగలేదు.

అత్తగారు గట్టి మనిషి. మాట రాయి విసిరినట్టుండేది. నాదేమో గోదావరి గాలి తగిలిన నోరు, ఊపిరి తీసినా అండీ అనే రకం. "అత్తయ్యగారండీ, నీళ్ళు తోడమంటారాండీ?" అని మొదటిరోజు అడిగితే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మాటమాటకీ అండి తగిలిత్తే నోరు నొప్పెట్టదంటే నీకు? తోడవే" అంది. అప్పట్నుంచి నేను ఆ ఇంట్లో యానాం పిల్లనే. "ఏమే యానాం పిల్లా" అనే పిలుపు వీధి చివరి దాకా వినపడేది. నాకో పేరుందని, అది చక్కని పేరని, పెళ్ళినాడు గుడిలో అందరూ విన్నదేనని ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

దాంతో నేను ఇల్లు సర్దడం మీద పడ్డాను. కుండల్ని ఎత్తు వరసన నిలబెట్టాను, మూతలన్నీ ఒకవైపుకి తిప్పాను, డబ్బాలకు చోట్లు నిర్ణయించాను. ఆవిడ చింతపండు కోసం వంటిల్లంతా తిరిగి, చివరికి ఓడిపోయి, "ఏడబెట్టావే?" అంది. "రెండో అరలో ఉప్పు పక్కనండీ" అన్నాను. "ఉప్పుకీ చింతపండుకీ చుట్టరికం ఎప్పుడు కలిపావే? నిన్నటిదాకా అయి ఎడమొహం పెడమొహంగానే ఉండె" అని విసుక్కుంది గాని, డబ్బాను తిరిగి అక్కడే పెట్టింది. అది నా విజయమనుకున్నాను. ఒక్కచోట మాత్రం నా గుడ్డ ఆగింది. మరియమ్మ పటం పక్కన గోడలో చిన్న గూడు. అందులో పగిలిన గాజులు, వెలిసిపోయిన రిబ్బను, తాటాకు బొమ్మ. దులపబోతుంటే వెనకనుంచి, "దాని జోలికి పోమాక" అంది అత్తగారు. అంత మెల్లగా ఆవిడ మాట్లాడగా వినడం అదే మొదలు. ఆ వస్తువులు ఎవరివో అర్థమై, గుడ్డ మడిచి వచ్చేశాను.

ఇంకో సంగతి కనిపెట్టాను. క్రిస్మసుకి ఆవిడ పాకం పట్టి, పిండి కలిపి, అరిసెలు వత్తి, ఊరందరికీ పంచింది. తాను మాత్రం చేతికంటిన బెల్లం కూడా నాకకుండా కడిగేసుకుంది. మావారిని అడిగితే, "అమ్మ తీపి తినదు" అన్నారు. "పళ్ళ నొప్పాండీ?" అన్నాను. "పళ్ళు బాగానే ఉన్నై" అని బడికి వెళ్ళిపోయారు. మగవాళ్ళు చెప్పాల్సింది చెప్పకుండా సరిగ్గా ఆ సమయానికే బడికి ఎలా వెళ్తారో నాకు ఇప్పటికీ తెలియదు. అరిసెలంటే మొహం మొత్తి ఉంటుందిలే, ఫ్రెంచి మిఠాయి రుచి చూస్తే ఆవిడే దారికొస్తుందని నేను తీర్మానించుకున్నాను. నా చేతిది ఆవిడ ఒక్కటి తింటే చాలు, ఆ రోజు నుంచి నేను యానాం పిల్లను కాదు, ఆ ఇంటి పిల్లనని నా లెక్క. ఇంత చిన్న కోరికకు అంత పెద్ద పట్టుదల ఎందుకని ఇప్పుడనిపిస్తుంది. పుట్టిల్లు అంత దూరమైన పిల్లకు అది చిన్న కోరిక కాదు.

అసలే యుద్ధం రోజులు, పంచదార కోటా మీద ఇచ్చేవాళ్ళు. మేం బెల్లం కాఫీ తాగి దాచిన పంచదారకు చీమలు దారి కనుక్కునేసరికి నడి వేసవి వచ్చింది. ఇక ఆగే వీల్లేదు. మదాం వంటకంలో వెన్న గడ్డగా ఉండాలి. రెంటచింతలలో వెన్న గడ్డగా ఉండటమన్నది గేదెకే చేతకాలేదు, నాకేం చేతనవుతుంది? చిలికిన వెన్న మజ్జిగలోంచి తీసి వంటింట్లోకి తెచ్చేలోపు నూనైపోయింది. మొదటిసారి కలిపిన పిండి పళ్ళెంలోంచి పొంగి పొయ్యిలోకే నడిచి వెళ్ళింది. రెండోసారి తెలివి చూపించాను. గిన్నెలో పిండి వేసి, గుడ్డ కట్టి, తాడుతో బావిలోకి దించాను. అక్కడ చల్లగా బిగుసుకుంటుందని నా ఎత్తు. ఎదురింటి పిన్నమ్మ నీళ్ళకొచ్చి, ఎవరి మజ్జిగ కుండో పడిపోయిందని జాలిపడి, పైకి లాగి, అందులో నీళ్ళు పోసి చక్కగా కలిపి మా ఇంటికి తెచ్చింది. "మజ్జిగ ఇరిగిపోయినట్టుందే, చూసుకో" అంది. నేను మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, "ఏందమ్మా పొయ్యీ గియ్యీ అంటావు, మిద్దెక్కి నాపరాళ్ళ మీద పోసి రారాదూ, మద్దేన్నానికి అదే కాలిద్ది" అని సలహా కూడా ఇచ్చింది. ఆవిడ చెప్పింది చేసి చూడాల్సిందేమోనని ఇప్పటికీ అనుమానం.

మూడోసారి ఎండ రాకముందే లేచాను. పెద్ద కుండలో అడుగున ఇసుక పోసి, దాని మీద పళ్ళెం పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోశాను. కాసేపటికి పిండిలో తురిమి కలిపిన నిమ్మతొక్క వాసన ఇల్లంతా కమ్మింది. మూత తీస్తే ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క బంగారు గవ్వ. అంచులు కొంచెం నల్లబడ్డాయి గాని మిగతాదంతా మదాం చేతిలాగే ఉంది. వాసనకు వచ్చిన ఎదురింటి పిన్నమ్మ తొంగి చూసి, "ఓస్, గవ్వలేగా. మేం నూనెలో ఏపుతాం, ఈ పిల్ల ఇసకలో ఏపింది" అని తేల్చేసి వెళ్ళింది. పరాసు దేశపు మిఠాయి ఆ క్షణాన యానాం గవ్వలైపోయింది. ఆ పేరు మళ్ళీ మారలేదు.

నేను మటుకు తగ్గకుండా, కంచంలో గవ్వల్ని పూవు రేకుల్లా పేర్చి అత్తగారి ముందు పెట్టాను. "ఏందే ఇయ్యి?" అంది. ఇంతకాలం దాచుకున్న నా ఫ్రెంచినంతా ముక్కులోకి తెచ్చుకుని, "మద్‌లేన్ అంటారండీ" అన్నాను.

"మద్దెలా? మద్దెల తినేదెట్టా?"

"మద్దెల కాదండీ. అదొక పునీతురాలి పేరండీ. మనం మగ్దలేనమ్మ అంటామే, ఆవిడ పేరేనండీ."

కంచం వైపు వస్తున్న ఆవిడ చెయ్యి ఆగింది. "మళ్ళీ చెప్పు" అంది. నేను గెలిచాననుకుని, ఈసారి ఇంకా స్పష్టంగా, మగ్దలేనమ్మ అని విడదీసి చెప్పాను. ఆవిడ లేచి, కొంగు పరిచి, కంచంలోవన్నీ అందులో పోసుకుని, ఒక్కటీ మిగల్చకుండా మూట కట్టి, ఎండలోకి వెళ్ళిపోయింది. కుడితిలో పడేసి గేదెకు పెడుతుందనుకున్నాను. పెరట్లోకి వెళ్ళి చూస్తే గేదె నాలాగే ఖాళీగా నిలబడి ఉంది. కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. (ఏడుస్తూనే మూతలన్నీ వరసగా పెట్టాను. చేతులకు అలవాటైపోయింది మరి.)

మధ్యాహ్నం మావారు వచ్చి సంగతంతా గుమ్మంలోనే నిలబడి విన్నారు. "చిట్టి అసలు పేరు అదే. జ్ఞానస్నానంలో పెట్టింది. మగ్దలేనమ్మ" అన్నారు. "దానికి తీపంటే ప్రాణం. జ్వరంలో రోజంతా తీపి పెట్టమని ఒకటే అడగటం. వైద్యుడు పెట్టొద్దన్నాడని అమ్మ పెట్టలా. తగ్గినాక పెడతానంది. తగ్గలా. అప్పట్నుంచి అమ్మ నోట తీపి పెట్టలేదు. చానా మంది చెప్పి చూశారు." అంతే చెప్పి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళారు.

అత్తగారు ఎండ వాలాక వచ్చింది. సమాధుల దొడ్డికి వెళ్ళి, చిట్టి దగ్గర ఒకటి పెట్టి, మిగతావి అక్కడ మేకలు కాసే పిల్లలకు దాని పేరు చెప్పి పంచి వచ్చిందట. ఖాళీ కొంగు దులుపుకుని నా పక్కన కూర్చుంది. నన్ను తిట్టలేదు, మెచ్చుకోలేదు. "మళ్ళీ ఎప్పుడు చేత్తావు?" అని అడిగింది.

ఆ తర్వాత ఏటేటా చిట్టి పోయిన రోజున మా ఇంట్లో యానాం గవ్వలు కాల్చడం రివాజైంది. అది కూడా నడి వేసవిలోనే పడేది, కాబట్టి వెన్నతో నా యుద్ధం ఏటేటా కొత్తగా మొదలయ్యేది. దొరల యుద్ధం ముగిసినా నాది ముగియలేదు. పంచదార కోసం ఇంట్లో అందరం నెలల తరబడి బెల్లం కాఫీయే తాగేవాళ్ళం. అత్తగారు తెల్లవారకముందే లేచి నిప్పులు విసిరేది. బావి దగ్గర కాపలా కూర్చుని, గిన్నె ముట్టుకోబోయిన వాళ్ళని కేకలేసేది. యానాం పిల్లా అని పిలవడం ఎప్పుడు మానేసిందో నాకు సరిగా గుర్తులేదు. అమ్మాయ్ అనేది. నేను గెలుద్దామనుకున్నదంతా అలా ఏ చప్పుడూ లేకుండా నా చేతికొచ్చింది. ఒక్కటి తప్ప. ఏటా ఒక గవ్వ విడిగా తీసి ఆవిడ ముందు పెట్టేదాన్ని. ఏటా ఆవిడ దాన్ని కూడా కొంగులో వేసుకునేది.

ఒక ఏడు ఆవిడకు మోకాళ్ళు పట్టేసి నడవలేకపోయింది. మూటను మావారికిచ్చి పంపాం. ఇద్దరం పొయ్యి దగ్గరే మిగిలాం. నేను ఎప్పటిలాగే ఒక గవ్వ ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని, వేడి ఆరేదాకా తిప్పి తిప్పి చూసి, "ఎట్టా ఉంటదే ఇది?" అంది.

"ఏదండీ?"

"ఇదే. నోట్లో ఏసుకుంటే ఎట్టా ఉంటది? చెప్పు."

ఫ్రెంచిలో దాని పేరు, పుట్టుక, కొలతలు అన్నీ గడగడా చెప్పగలిగిన నేను, "బావుంటుందండీ" అన్నాను.

ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది. "అంతేనా?"

"తియ్యగా ఉంటుందండీ."

"ఊఁ. తియ్యగుంటది" అని తల ఊపి, దాన్ని వాసనకు వచ్చి గుమ్మంలో నిలబడ్డ పక్కింటి పిల్ల చేతిలో పెట్టి, నిప్పులు ఆర్పడానికి లేచింది.

మరుసటి వేసవి ఆవిడ చూడలేదు. చలికాలంలోనే, పెద్దగా ఎవరినీ కష్టపెట్టకుండా, వెళ్ళిపోయింది. చిట్టికి ఏం అందిందో తెలుసుకోవాలని తల్లి అడిగిందని, నేను బెల్లంముక్కకు కూడా సరిపోయే జవాబిచ్చానని, ఆవిడను సమాధిలో దించి వచ్చిన సాయంత్రం నాకు తట్టింది. అప్పట్నుంచి ఇంత వయసొచ్చేదాకా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను. వేరే పని చేస్తున్నా పెదవులు కదులుతూనే ఉంటాయి. అత్తయ్యా, ముందు వాసన వస్తది, నిమ్మకాయ గిల్లినట్టు. అంచు కొరికితే కరకరమంటది, కాసింత చేదు కూడా. లోపల మాత్రం మెత్తగా, వేడిగా, నమిలే పని లేకుండా కరిగిపోద్ది. అయిపోయిందేనని బెంగగా ఉంటది. పిల్లలైతే ఇంకోటి అడక్కుండా ఊరుకోరు. చిట్టి అయితే అంచులన్నీ ముందు తినేసి, మధ్యది చివరికి దాచుకునుండేది.

మొన్న గిన్నెలు సర్దుతూ ఇదంతా కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. "ఎవరితో అత్తయ్యా మాటలు?" అంది మా కోడలు పక్క గదిలోంచి. "ఎవరితో లేదులేమ్మా" అన్నాను. ఈసారి కొంచెం బాగా చెప్పాననిపించి, నాలో నేనే నవ్వుకున్నాను.