గుటక చప్పుడు

మా అమ్మాయి పుట్టినప్పుడు రెండు కేజీల ఏడు వందల గ్రాములుంది. కళ్ళు మూసుకునే పుట్టింది. ఆస్పత్రిలో ఉన్న మూడు రోజుల్లోనూ వాటిని పూర్తిగా తెరిచిందో లేదో నాకు గుర్తులేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. "ఎంత బుద్ధిమంతురాలో! మావాళ్ళయితే ఆస్పత్రి ఎగరగొట్టేశారు."

నేనూ మురిసిపోయాను. ద్వారకా నగర్లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాను నేను. ఎనిమిదో నెల దాటేదాకా మైకు తగిలించుకుని, గదినిండా పిల్లల మీద గొంతు చించుకున్నదాన్ని. అలాంటిదానికి ఇలాంటి పిల్ల పుట్టడం నా అదృష్టమే అనుకున్నాను.

తొలి కాన్పు కాబట్టి పురిటికి పుట్టింటికి వచ్చాను. మా ఇంటి నుంచి ఫిషింగ్ హార్బర్‌కి ఐదు నిమిషాల నడక. అమ్మ అక్కడ వేలంలో చేపలు పాడుకుని, ఎండెక్కేదాకా కూర్చుని అమ్ముకొస్తుంది. నాన్న బోటు మీద పనిచేస్తాడు. నా కాన్పుకి నాలుగు రోజుల ముందే వేటకి వెళ్ళాడు. మా ఆయన ఆఫీసు మధురవాడలో. రోజూ సాయంత్రం బండి మీద ఊరు ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చి, నిద్రపోతున్న కూతురి పక్కన కూర్చుని, నిద్రపోతున్న కూతుర్నే వదిలి వెళ్ళేవాడు.

"ఇది నన్నింకా ఒక్కసారి కూడా చూడలేదు. రేపు రోడ్డు మీద కనిపిస్తే గుర్తుపడుతుందంటావా?" అనేవాడు.

ఐదో రోజు చూపించడానికి క్లినిక్‌కి తీసుకెళ్ళాం. అక్కడి సిస్టర్ గుడ్డలన్నీ విప్పి తూకం మీద పెట్టింది. రెండు కేజీల నాలుగు వందల ఇరవై. నా సబ్జెక్టు లెక్కలే కదా, తీసివేత చేయడానికి క్షణం పట్టలేదు. ఐదు రోజుల్లో రెండు వందల ఎనభై గ్రాములు తగ్గిపోయింది.

డాక్టరమ్మ పాప ఛాతీ మీద వేలితో నొక్కి, వదిలి చూసింది. రక్తం పరీక్ష చేయించింది. కామెర్లు కొద్దిగానే ఉన్నాయి, లైటు కింద పెట్టాల్సినంత లేవు అంది.

"కామెర్లుంటే పిల్లలు మత్తుగా ఉంటారు. మత్తుగా ఉంటే తాగరు. తాగకపోతే మత్తు ఇంకా పెరుగుతుంది. ఏడ్చి అడుగుతుందని ఎదురుచూడొద్దు. రెండు గంటలకోసారి మీరే లేపి పట్టండి. మూడు రోజులాగి మళ్ళీ తీసుకురండి."

ఆటోలో ఇంటికొస్తూ ఏడ్చేశాను. ఇన్నాళ్ళూ ముద్దుచేసిన బుద్ధి బుద్ధే కాదని, ఏడవడానికి ఓపిక లేక పడుకుందని అప్పుడర్థమైంది.

"ఏడిత్తే పాలు దిగవే. నీళ్ళన్నీ కళ్ళకే పోతే ఎలాగ?" అంది అమ్మ.

ఇంటికి రాగానే ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించాను. టైము, కుడి, ఎడమ, తడిపిన గుడ్డలు అని గడులు గీశాను. అలారం పెట్టాను. అలారం మోగితే అమ్మా నేనూ ఉలిక్కిపడి లేచేవాళ్ళం, పాప మాత్రం లేచేది కాదు.

దాన్ని లేపడానికి మేం పడని పాట్లు లేవు. అరికాళ్ళు గీరాం. చెవి తమ్మెలు నలిపాం. తడిగుడ్డతో మొహం తుడిచాం. ఆఖరికి అమ్మ మంచం ముందు నిలబడి, హార్బర్లో వేలం పాడే గొంతు ఎత్తింది. "ఒకటోసారీ! రెండోసారీ!" పక్కింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చి చూశారు. పాప మాత్రం ఒక కనుబొమ్మ ఎత్తి, మళ్ళీ దించేసింది.

"ఓలమ్మో, ఈ గుంట నెగదే!" అని అమ్మ నడుం మీద చేతులేసుకుని నవ్వడం మొదలుపెట్టింది. నాకూ నవ్వాగలేదు. కుట్లు లాగుతున్నా నవ్వాను.

పాలు చాలట్లేదేమోనని అమ్మ అనుమానం. మర్నాడు హార్బర్ నుంచి పాలసొర చేప తెచ్చింది. ఉడకబెట్టి, తోలూ ముల్లూ తీసి, పొడిపొడిగా చిదిమి, పసుపూ బోలెడు వెల్లుల్లీ వేసి పిట్టు చేసింది. మూడు పూటలా అదే. ఆ పిట్టు మహిమో, మరేదో తెలీదుగానీ, నా జాకెట్లు తడిసి ముద్దయిపోయేవి. పాలకి కరువు లేదు. తాగేవాళ్ళే నిద్రపోతున్నారు.

అమ్మ చేతికో విద్య ఉంది. చేపని అరచేతిలో ఒక్కసారి ఆడించిందంటే బరువు చెప్పేస్తుంది. తూకం వేసి చూస్తే అటూ ఇటూ గుప్పెడు కూడా తేడా రాదు. పాపని ఎత్తుకున్నప్పుడల్లా నేను ఆ చేతినే చూసేదాన్ని.

"ఎంతుందమ్మా?"

"సేపా ఏటి, బరువు సెప్పడానికి? దిష్టి తగుల్తాది, ఊరుకో!" అని కసిరేది.

ఎనిమిదో రోజు మళ్ళీ వెళ్ళాం. రెండు కేజీల నాలుగు వందల ముప్ఫై. మూడు రోజుల మా యజ్ఞానికి ఫలితం పది గ్రాములు!

"ప్రతిసారీ నలభై నిమిషాలు నోట్లోనే ఉంటోంది సిస్టర్," అన్నాను.

సిస్టర్‌ది పాతబస్తీ. నలుగురు మనవలున్న మనిషి. గోరింటాకుతో ఎర్రబడ్డ వేళ్ళు. నావైపు చూసి, "నోట్లో ఉండడం వేరు, తాగడం వేరు బేటీ. రా, నా ముందు పట్టు. చూస్తాను," అని లోపలి గదిలోకి తీసుకెళ్ళి తెర లాగింది.

ముందు పాపని చూసి నవ్వింది. టోపీ, మేజోళ్ళు, చేతులకి తొడుగులు, చొక్కా, దానిపైన రెండు మడతల దుప్పటి. "పిల్లని తెచ్చారా, పార్సిల్ తెచ్చారా? ఇంత వెచ్చగా చుడితే నాకే నిద్రొస్తుంది," అంటూ ఒక్కొక్కటీ విప్పేసింది. లంగోటీ ఒక్కటి ఉంచి, పాపని నా వొట్టి ఒంటి మీద బోర్లా పడుకోబెట్టింది. చర్మానికి చర్మం తగిలేసరికి పాప పిల్లిపిల్లలాగా మెసిలింది. ముక్కుతో వెతకడం మొదలుపెట్టింది. నేను గబుక్కున దాని తలని దగ్గరికి తీసుకోబోయాను.

"ఆగు, కంగారు పడకు. నోరు పెద్దగా తెరవనీ. దాని కడుపు నీ కడుపుకి ఆనాలి. ఆఁ, ఇప్పుడు దగ్గరకి తీసుకో."

పట్టుకుంది. నాలుగుసార్లు చప్పరించింది. ఆగిపోయింది. దవడ వణుకుతోందంతే.

"చూశావా? తాగట్లేదు, జోకొట్టించుకుంటోంది. ఇప్పుడు రొమ్ముని అరచేత్తో పట్టుకుని మెల్లగా నొక్కు. నొక్కి అలాగే ఉంచు."

నొక్కాను. పాప గడ్డం కిందికి దిగింది. ఆ వెంటనే చిన్న చప్పుడు. ఎవరో గుసగుసగా "కః" అన్నట్టు.

"విన్నావా?"

"ఏంటది?"

"గుటక. గడియారాన్ని కాదు, దీన్ని లెక్కపెట్టు."

మళ్ళీ నొక్కాను. మళ్ళీ గుటక. ఆగగానే వదిలించి, వీపు నిమిరి, రెండో వైపు పట్టించమంది. అక్కడ కొన్ని గుటకలు, మళ్ళీ మొదటి వైపు. అయ్యాక కొంచెం పాలు శుభ్రమైన గిన్నెలోకి పిండమని, ఉగ్గుగిన్నెతో పెదవి చివర నుంచి చుక్కచుక్కగా ఎలా పట్టాలో చూపించింది. డాక్టరమ్మ కూడా వచ్చి చూసి, మూడు రోజులు ఇలా చేయమంది. అప్పటికీ పెరగకపోతే వేరే పాలు కలిపే సంగతి ఆలోచిద్దాం, భయపడాల్సిందేం లేదు అంది. మూడు రోజుల్లో మొదటిసారి నాకు మనసు తేలికపడింది. ఏం చేయాలో తెలిస్తే సగం భయం పోతుంది మనిషికి.

ఇంటికొచ్చి పార్సిల్ విప్పేశాను. పిల్లని వొట్టి ఒంటితో నా గుండె మీద వేసుకుని, పైన నా చీర చెంగు కప్పాను. అమ్మ అడ్డుపడింది.

"సలేత్తాది గుంటకి! ఏటీ సేత్తన్నావ్ నువ్వు?"

"నా ఒళ్ళు వెచ్చగానే ఉందిగా. చెయ్యి పెట్టి చూడు."

చెయ్యి పెట్టి చూసి, తనే చెంగు సర్దింది. సాయంత్రానికి ఆవిడే వచ్చినవాళ్ళకి చెబుతోంది, "తల్లి ఒంటి వేడికి మించిన దుప్పటి లేదంట!" అని, ఆ మాట తనే కనిపెట్టినట్టు.

ఇంట్లో కొత్త ఆట మొదలైంది. మా ఆయన సెలవు పెట్టి మకాం ఇక్కడికే మార్చాడు. నేను పాలిస్తుంటే పక్కన కూర్చుని పాప పాదాలు రుద్దుతూ గుటకలు లెక్కపెట్టేవాడు. అమ్మ గుమ్మంలో వెల్లుల్లి ఒలుస్తూ చెవులు ఇటు పెట్టేది.

"పద్నాలుగు."

"పదిహేను బాబూ! ఒకటి వదిలేసినారు," అనేది అమ్మ.

"అది గుటక కాదత్తయ్యా, ఎక్కిలి."

"ఎక్కిలికీ గుటకకీ తేడా నాకు తెల్దా?"

ఇద్దరూ కాసేపు వాదించుకునేవాళ్ళు. ఒక మధ్యాహ్నం ముప్ఫై దాటింది. మా ఆయన సెంచరీ కొట్టినవాడిలా రెండు చేతులూ పైకెత్తాడు. మొదటిసారి ఉగ్గుగిన్నెతో తనే పట్టినప్పుడు, పాప నోరు తెరిచిందో లేదో కానీ, ఈయన మాత్రం తన నోరంతా తెరిచి కూర్చున్నాడు. చుక్క కిందపడలేదు. ఫ్రిజ్ మీది కాగితంలో తడిపిన గుడ్డల గడి మొదటిసారి నిండింది. గుడ్డలు ఉతికే పని మా ఆయనదే. దండెం నిండా చిన్న చిన్న గుడ్డలు సముద్రపు గాలికి ఎగురుతుంటే, మేడ మీద నిలబడి చాలాసేపు వాటినే చూసేవాడు.

పదకొండో రోజు అమ్మ హార్బర్ నుంచి వచ్చింది. వాసన పోయేదాకా సబ్బుతో, నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని, చీర మార్చుకుని పాపని ఎత్తుకుంది. ఎత్తుకున్న చెయ్యి ఆగింది. తనకి తెలీకుండానే ఒక్కసారి పైకీ కిందికీ ఆడింది.

"ఎంత?" అన్నాను.

"ఏటెంత?"

"నీ చేతికి తెలిసిపోయింది. చెప్పమ్మా."

అమ్మ అటూ ఇటూ చూసింది. నా చెవి దగ్గరకి వంగి, రహస్యం చెబుతున్నట్టు అంది. "రెండున్నర దాటేసినాది."

ఆ వెంటనే ఉప్పు తెచ్చి దిష్టి తీసింది. మధ్యాహ్నం క్లినిక్‌లో తూకం వేస్తే రెండు కేజీల ఐదు వందల నలభై. సిస్టర్ "షాబాష్ బేటీ!" అని నా బుగ్గ గిల్లింది. పాప బుగ్గ కాదు, నాదే. తిరిగొచ్చేటప్పుడు దిష్టి సంగతే మర్చిపోయిన అమ్మ, ఆటో అతనికి గ్రాములతో సహా బరువు చెప్పేసింది.

పదహారో రోజు పొద్దున్న నాన్న బోటు వచ్చింది. మనవరాలు పుట్టిందని వైర్‌లెస్‌లో ఎవరో చెప్పారట గానీ, సగమే వినపడిందట. పాతికేళ్ళు ఇంజిన్ పక్కన గడిపిన చెవులు ఆయనవి. అందుకే మాట కూడా ఇంజిన్‌ని మించి ఉంటుంది.

"ఏదే నా మనవరాలూ?" అని వీధిలోంచే కేకేశాడు.

"మెల్లిగా! బాలింతిల్లు!" అని అమ్మ ఎదురెళ్ళింది.

"అరవు నాన్నా! ఇంకా గట్టిగా అరవు!" అన్నాను నేను లోపల్నుంచి.

నాన్న స్నానం చేసి వచ్చి, మంచం మీదికి వంగి, "ఏటమ్మా, తాతొచ్చినాడు, నెగవా?" అన్నాడు. పాప కళ్ళు తెరిచింది. రెండూ. నాన్న మీసాల వంక చూసింది. పెదవి వంకర తిరిగింది. నోరంతా తెరిచి, మొహమంతా ఎర్రగా చేసుకుని, గుక్కపట్టి ఏడ్చింది. పదహారు రోజుల్లో మొట్టమొదటి అసలైన ఏడుపు.

మేం ముగ్గురం పగలబడి నవ్వాం. మా ఆయనైతే చప్పట్లు కొట్టాడు. నాన్న బిత్తరపోయాడు.

"నానేటి సేసినాను? ఏటలా నవ్వుతారు మీరందరూ?"

పాపని తీసుకుని అటు తిరిగి కూర్చున్నాను. ఎవరూ గీరకుండా, నలపకుండా, నొక్కకుండా తనే నోరు తెరిచి అందుకుంది. గుటక వెంట గుటక. గదిలో అందరూ మాటలాపి వింటున్నారు.

"ఏటింటన్నారు?" అన్నాడు నాన్న. ఆ చప్పుడు ఆయన చెవికి అందదు.

తాగడం అయ్యాక, పిండిన పాలు కొంచెం మిగిలి ఉంటే ఉగ్గుగిన్నెలో పోసి, పాపని నాన్న ఒళ్ళో పెట్టాను. అమ్మ ఆయన చూపుడువేలు పట్టుకుంది. తాళ్ళు లాగి లాగి కాయలు కాచిన ఆ వేలిని, పాప గొంతు దగ్గర ఆనీ ఆనకుండా పెట్టింది. మా ఆయన ఒక చుక్క పాలు పోశాడు. పాప మింగింది.

నాన్న మొహం మారిపోయింది. ఇంకో చుక్క. మరొకటి. ఆయన కదల్లేదు.

"పంపు కొడతన్నాది," అన్నాడు చివరికి. ఆయన జీవితంలో అంత మెల్లగా మాట్లాడింది అదే అనుకుంటాను.

ఆ తర్వాత దాన్ని ఎవరూ లేపాల్సిన పని పడలేదు. ఉగ్గుగిన్నె కొద్దిరోజుల్లో మానేశాం. నెలన్నరకి టీకా వేయించడానికి వెళితే మూడు కేజీల ఏడు వందలు తూగింది.

మూడో నెల నిండాక మధురవాడలోని మా ఫ్లాట్‌కి బయల్దేరాం. అమ్మ ఎండుచేపల మూటా, వెల్లుల్లి పచ్చడి సీసా, ఇంకో పది మూటలూ క్యాబ్‌లో సర్దింది. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి పాపకి ఆకలేసింది. ఆ ఏడుపుకి పక్క బస్సులోవాళ్ళు కిటికీలోంచి తొంగి చూశారు.

"గొంతు బాగుంది పాపది. బండి పక్కకి తియ్యమంటారా అమ్మా?" అన్నాడు డ్రైవర్.

"తియ్యి బాబూ, లేకపోతే మనల్ని వదలదు," అన్నాను.

సిగ్నల్ దాటాక టీకొట్టు పక్కన చెట్టు నీడలో ఆపాడు. మా ఆయనా, డ్రైవరూ దిగి, అటు తిరిగి నిలబడి టీ తాగుతూ ఏవో కబుర్లలో పడ్డారు. నేను మూటల మధ్య సర్దుకుని కూర్చుని చెంగు కప్పుకున్నాను. రోడ్డు మీద బస్సులు, లారీలు హోరెత్తిపోతున్నాయి. పాప ఒక చేత్తో నా గొలుసు పట్టుకుని, పెద్ద పెద్ద కళ్ళతో నా మొహంలోకే చూస్తూ తాగింది. టీ అయిపోయినా వాళ్ళిద్దరూ అలాగే నిలబడ్డారు. మాకేం తొందర లేదు.