భుజం మీద అతుకు

'మేఘవీర' కొత్త కామిక్ వచ్చిన రోజు అది చదవందే దమ్మపేట టైలరు సంసోను మిషను తొక్కడు. ఇరవై ఏళ్ల అలవాటు. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూది, బొమ్మల వెంట కదిలే చూపుడువేలు. ఈ నెల ఆ వేలు మొదటి పేజీలోనే ఆగిపోయింది. రాసేవాళ్లూ గీసేవాళ్లూ మారారు. వీరుడి అంగీ కొత్తగా తళతళలాడుతోంది.

"ఏంది నాన్నా, గట్ల చూస్తున్నవ్?" అంది కూతురు బ్లెస్సీ.

"వరదల పిల్లల్ని మోసినప్పుడు భుజం కాడ అంగీ చినిగింది బిడ్డా. పాతాయన ప్రతి బొమ్మల ఆ అతుకు గీసేటోడు. వీళ్లు తీసేసిన్రు."

పెన్సిలందుకుని అతుకు తనే వేశాడు, కుట్లతో సహా. నాలుగో పేజీలో, అప్పుడు బతికిన పిల్ల వచ్చి పలకరిస్తే, "ఏ వరద?" అంటున్నాడు వీరుడు.

సంసోను పెన్సిలు దించాడు. పుస్తకం మూసి, ఎవరూ తిరిగొచ్చి తీసుకెళ్లని బట్టల అరలో పెట్టాడు.