పెట్టె తాగిన నీళ్ళు

మా ఇంట్లో ఎవరికీ సముద్రంతో పని పడలేదు. మాది సైదాబాద్. మాకు నీళ్ళంటే మూసీ. అది పొంగితే భయం, పొంగకపోతే వాసన. మా బాపు చెక్కపెట్టెలు కొడతాడు. అఫ్జల్‌గంజ్‌లో మూసీ వైపు దిగే ఒక సందులో ఆయన కొట్టు ఉంది. లారీల్లో, రైళ్ళలో పోయే సామానుకు పెట్టెలు కొట్టీ కొట్టీ ఆయన అరచేతులు కూడా చెక్కలాగే అయ్యాయి. నేను అదే పేటలో ఎగుమతి కాగితాలు చూసే ఆఫీసులో పనిచేస్తాను. ఓడల పేర్లు, కంటైనర్ నంబర్లు నాకు నోటికి వస్తాయి గానీ, ఓడను మాత్రం నేనూ చూడలేదు.

బార్కస్‌లో ఉండే చిచ్చా నేను పుట్టకముందు నుంచి బాపుకు దోస్తు. లక్క గాజులు చేయించి అమ్ముతాడు. రాళ్ళు, అద్దం ముక్కలు పొదిగిన గాజులు. అవి ఎన్నో ఏళ్ళుగా గల్ఫ్ దేశాలకు పోతూనే ఉన్నాయి, కానీ ముంబైలో ఎవరో పెద్ద వ్యాపారి పేరు మీద. ఆ ఏడు మొదటిసారి అక్కడి దుకాణందారు ఒకాయన నేరుగా చిచ్చాకే ఆర్డర్ ఇచ్చాడు. చిచ్చా మిఠాయి డబ్బా పట్టుకుని కొట్టుకు వచ్చాడు.

"ఉస్తాద్, ఈసారి మాల్ నా పేరు మీద పోతుంది. పెట్టెలు నువ్వే కొట్టాలె."

"ఫికర్ చెయ్యకు భాయ్. నా పెట్టె చుక్క నీళ్ళు తాగదు" అన్నాడు బాపు.

ఓడెక్కే పెట్టెలకు ఏ చెక్క పడితే ఆ చెక్క పనికిరాదు. పురుగులు దేశం దాటకుండా దాన్ని బాగా వేడిచేసి, ఎండబెట్టి, ముద్ర వేస్తారు. ఈ సంగతి నేనే చెప్పాను. "ఏంది, చెక్కక్కూడా పాస్‌పోర్టా?" అని బాపు నవ్వాడు. ముద్ర వేసిన చెక్క వచ్చింది. అప్పడంలా ఎండి ఉంది. మొదటి మేకుకే ఈ చివర నుంచి ఆ చివరకు పగిలింది.

దానికి బాపు దగ్గర తాతల నాటి మందు ఉంది. ఆయన ఎడమ చేతి పక్కన ఎప్పుడూ ఒక ఇత్తడి చెంబు నిండా నీళ్ళుంటాయి. మేకు పెట్టే చోట ఇన్ని నీళ్ళు చల్లి, కాసేపు ఆగి, అప్పుడు సుత్తి వేస్తాడు. "చెక్క దూప మీదుంటే పలుగుతది. ముందుగాల దాని దూప తీర్చాలె" అని, చెక్కకూ మనిషిలా దాహం వేస్తుందన్నట్టు, మా తాత చెప్పేవాడట. డ్రిల్లు మిషను కొనమని నేను ఎన్నిసార్లు పోరినా, "మేకు తొవ్వ మేకే చేసుకుంటది" అని కొట్టిపారేశాడు. ఈ కొత్త చెక్కకు చెంబు చాలలేదు. తొట్టిలో వేసి నానబెట్టాడు. మర్నాటికి చెక్క చెప్పిన మాట విన్నది. పెట్టెలు ముద్దొచ్చేలా తయారయ్యాయి.

చిచ్చా మందపాటి ప్లాస్టిక్ తెచ్చి ఒక్కో పెట్టెకూ దగ్గరుండి చుట్టించాడు. సముద్రం నీళ్ళు ఎక్కడ లోపలికి దూరతాయోనని ఆయన భయం. నేను ముద్ర కనిపించేలా ఫోటోలు తీసి కాగితాలకు జతచేశాను. ముగ్గురి భయమూ పెట్టె బయటే ఉంది. లోపల ఏం పెట్టి మూశామో మాకెవరికీ తట్టలేదు.

ఓడ బయలుదేరాక అరేబియా సముద్రంలో తుఫాను లేచింది. రేవులో చోటివ్వక ఓడలను బయటే నిలిపేశారు. నేను ఆఫీసులో పని మానేసి ఫోన్‌లో ఆ తెల్లటి సుడినే చూస్తూ కూర్చునేదాన్ని. బాపు పొద్దున లేస్తూనే అదే ప్రశ్న.

"పడవ ఏడిదాంక వోయింది బిడ్డా?"

"పడవ కాదు బాపు, ఓడ. మన గల్లీ మొత్తం పట్టేంత ఉంటది."

"గల్లీలైతే మునగయా? మూసీ వస్తే మునగలే?"

చిచ్చా సాయంత్రాలు కొట్టుకు వచ్చి, చాయ్ చల్లారిపోయేదాకా ఊరికే పట్టుకుని కూర్చునేవాడు. ఆర్డర్ ఇచ్చినాయన పెళ్ళిళ్ళ వేళకు సరుకు కావాలన్నాడట.

చివరికి ఓడ చేరింది. పెట్టెలు తెరిచి చూసినాయన సరుకు వద్దన్నాడు. అవి అట్లాగే తిరిగి వచ్చాయి. చిచ్చా గోదాములో ఒకదాన్ని మా ముందే విప్పారు. అట్టడబ్బాలు బూజు పట్టి మెత్తబడ్డాయి. రాళ్ళ వెనకుండే వెండి రేకు నల్లబడి, ఒక్కో రాయి కంట్లో పువ్వేసినట్టు గుడ్డిదైపోయింది. చిచ్చా ఒక గాజు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. నాకు ఏడుపొచ్చింది. బాపు సముద్రాన్ని పట్టుకుని నాలుగు బూతులు తిట్టాడు.

సరుకుకు బీమా ఉంది. అంతా ఆ ఆశ మీదే ఉన్నాం. బీమావాళ్ళు పంపిన సర్వేయర్ వచ్చాడు. నెమ్మదైన మనిషి. తడి దూదితో చెక్క మీది మరకలు రుద్ది, దూదిని పిండి, ఆ నీళ్ళలో చిన్న సీసాలోంచి మందు చుక్క వేశాడు. ఉప్పునీళ్ళైతే పాలలా తెల్లబడతాయట. మేమంతా తలలు దగ్గర పెట్టి చూశాం. ఏమీ తెల్లబడలేదు. ఇంకో మరక మీద చేశాడు. అదీ అంతే.

"ఇది సముద్రం నీళ్ళు కాదు" అన్నాడు.

"మరి ఏ నీళ్ళు?" అన్నాడు బాపు.

సర్వేయర్ విసుక్కోకుండా చెప్పాడు. తుఫాను వాన కంటైనర్ తలుపు సందులోంచి లోపలికి వచ్చి, చిరిగిన ప్లాస్టిక్‌లోంచి దిగి ఉండొచ్చు. లేకపోతే నీళ్ళు లోపలే ఉండి ఉండాలి. మూతపెట్టిన అన్నం గిన్నె చూశారు కదా, అట్లా అన్నాడు. పగలు ఎండకు లోపలి తడి ఆవిరై పైకి లేస్తుంది. రాత్రి ఇనుప కప్పు చల్లబడగానే చుక్కలై మళ్ళీ సరుకు మీదే పడుతుంది. సముద్రం ఎంత నిమ్మళంగా ఉన్నా కంటైనర్లలో ఈ వాన కురుస్తూనే ఉంటుందట. ఓడ ఎన్నాళ్ళు ఆగితే అంత వాన. ఇంతా చెప్పి, కలం తెరిచి అడిగాడు.

"పెట్టెలు చేసేటప్పుడు చెక్క పొడిగానే ఉంది కదా?"

నా పని ఇదే కాబట్టి ఆ ప్రశ్న బరువు నాకు వెంటనే తెలిసింది. పొడి చెక్క అంటే పాపం తుఫానుది, చిచ్చా నష్టం బీమా తీరుస్తుంది. తడి చెక్క అంటే పెట్టె కట్టడంలోనే లోపం, చిచ్చాకు చిల్లిగవ్వ రాదు. చెక్క మీద ముద్ర ఉంది, నా ఫోటోలున్నాయి. ముద్ర చూడండి సార్ అనబోయి నోరు తెరిచాను కూడా.

బాపు ఇంకా సర్వేయర్ చెప్పిన అన్నం గిన్నె దగ్గరే ఉన్నాడు. ఆయన ముఖం ఒక్కసారి వెలిగింది.

"అరే... అంటే గవి నా నీళ్ళేనా?"

నేను ఆయన చెయ్యి గిల్లాను. బాపు నోట్లో నువ్వుగింజ నానదు.

"నేనే తడిపిన సార్. తొట్లేసి మంచిగ నానవెట్టిన. పొడి చెక్కకు మేకు దిగదు గద మరి!"

పోయిన వస్తువు దొరికినవాడిలా సంబరంగా చెప్పాడు. అప్పుడు చిచ్చా ముఖం చూశాడు. సర్వేయర్ రాసుకుని వెళ్ళిపోయాడు. చిచ్చా నల్లబడ్డ గాజును డబ్బాలో పెట్టి, మూతపెట్టి, మావైపు చూడకుండా లోపలికి నడిచాడు.

ఇంటికొచ్చాక నేను బాపును కడిగేశాను. "సత్యం చెప్పాలని అంత దూప మీదున్నవా? నీ దోస్తు పేరు మీద మొదటి మాల్ అది!" అన్నాను. అబద్ధం చెప్పి ఉండాల్సిందా అని ఎవరైనా నన్ను అడిగితే ఇప్పటికీ తిన్నగా జవాబు రాదు. తప్పు ఎక్కడుందో వెతికితే ఎక్కడా పూర్తిగా దొరకదు. ఆ నీళ్ళ వల్లే బాపు పెట్టెలు ఇన్నేళ్ళు నిలబడ్డాయి. లారీలో గాలి తగిలి, ఊరు చేరేలోపే అవి ఆరిపోయేవి. తుఫానుకు బీమా దొరుకుతుంది. చేతి అలవాటుకు ఎవరిస్తారు?

మర్నాడు బాపు కొట్టు తెరవలేదు. ఆ తర్వాతా తెరవలేదు. చెంబును తెచ్చి వంటింట్లో పడేశాడు. చిచ్చా రాలేదు, ఫోన్ చేయలేదు. ఆఫీసుకు పోతూ ఆ మూసిన షట్టరు చూస్తే నాకు భయం వేసేది. బాపు వాకిట్లో కూర్చుని ఏ ఆటో ఆగినా తల ఎత్తేవాడు. ఒక్కసారే నోరు విప్పాడు. "పెట్టె పాడైతే ఇంకోటి కొడ్త. గసొంటి మనిషిని ఏడికెళ్ళి తేవాలె?" అన్నాడు.

ఒక శుక్రవారం, నమాజు అయ్యాక కాబోలు, ట్రాలీ ఆటో ఒకటి మా వాకిట్లో ఆగింది. నిండా ముద్ర వేసిన కొత్త చెక్క. ముందు సీట్లోంచి చిచ్చా దిగాడు.

"పెట్టె కొట్టు ఉస్తాద్" అన్నాడు.

"నాతోనా?" అన్నాడు బాపు.

"మరెవ్వరితోని, సముద్రంతోనా? నీళ్ళు నువ్వు వోసినవ్, ప్లాస్టిక్ మూత నేను పెట్టిన. ఇద్దరం కలిసే ఉడకవెట్టినం. ఇంకో ఆర్డర్ తెచ్చిన, చిన్నదే. కానియ్."

బాపు చెక్క తీసుకుని అరుగు మీద కూర్చున్నాడు. మేకు నిలబెట్టాడు. అంతలో అమ్మ, వచ్చిన మనిషికి తాగడానికని నీళ్ళు తెచ్చి పెట్టింది. వంటింట్లో ఆమె చేతికి ఆ ఇత్తడి చెంబే దొరికినట్టుంది. బాపు ఎడమ చెయ్యి తనంతట తానే చెంబు మీదికి పోయింది. పోయి, అక్కడే ఆగిపోయింది. తియ్యడానికీ రాదు, ముంచడానికీ రాదు.

చిచ్చా వంగి చెంబు అందుకున్నాడు.

"మస్తు దూపైతుంది" అని, ఎత్తి పట్టుకుని చుక్క మిగలకుండా తాగాడు. గడ్డం తుడుచుకుని చెంబును బోర్లించాడు. "ఇగ కొట్టు."

బాపు సుత్తి వేశాడు. చెక్క పగిలింది. చిచ్చా ఇంకోటి అందించాడు.